నూటికి నాలుగు పాళ్ళ సున్నం

నీళ్ళు పోశాను. పదకొండూ నాలుగు. గోడ గడియారం ఐదు నిమిషాలు వెనక నడుస్తుందని లాబ్‌లో అందరికీ తెలుసు, అయినా దాన్నే చూశాను. నాకు కావలసింది సరైన సమయం కాదు, ఒక గంట పొడవు. పన్నెండూ నాలుగుకల్లా మూడు శాంపిళ్ళూ అచ్చులోంచి బయటికొచ్చి, తూకమై, పాలిథిన్ చుట్టుకుని తడి గోనె కింద పడుకోవాలి. సున్నం కలిసిన బంకమట్టి నీళ్ళు తాగాక గంటసేపే మన మాట వింటుంది. ఆ తర్వాత లోపల దాని పని అది మొదలుపెడుతుంది. అప్పుడు నొక్కితే అప్పటికే పుట్టిన పట్టు తెగుతుందే తప్ప కొత్తది రాదు. గాజులు తీసి కిటికీలో పెట్టాను, చిలకలపూడి గాజులు, సున్నం తగిలితే వారంలో నల్లబడతాయి. చేతులు పళ్ళెంలోకి దించాను. నల్లరేగడి వేళ్ళ మధ్యకొచ్చి అంటుకుంది, అంటుకుని సాగింది, సాగి ఒక్కసారిగా విరిగింది. ఎన్నిసార్లు చూసినా ఈ విరగడం నాకు కొత్తగానే ఉంటుంది. మనిషి కాలిని పట్టుకుంటే చెప్పుతో సహా ఊడబెరుక్కునే మట్టి, సున్నం తగలగానే జిగట వదిలేసి, ఆవిరికుడుము చిదిపినట్టు పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు తొడుగులు వేసుకోవాలని పుస్తకంలో ఉంది. తొడుగుల్లోంచి తడి తెలియదు. బొటనవేలి గోరు పక్కన నిన్న చీరుకున్న చోట సున్నం కరుస్తోంది. కరవనీ.

నాలుగొందల ఇరవై గ్రాములు. అంతే మిగిలింది నందివాడ మట్టి. సంచి దులిపి, మూలలు తిరగేసి, జల్లెడ పట్టి, అడుగున మిగిలిన గడ్డల్ని చెక్క సుత్తితో నలిపి మళ్ళీ జల్లించి, కాగితం మీద పోసి కాగితాన్ని కూడా తట్టి తూచితే నాలుగొందల ఇరవై. ఒక్కో శాంపిలుకి తడి మట్టి నూట అరవై పడుతుంది. మూడింటికి సరిపోతుంది, తేమ చూసుకోవడానికి కాస్త మిగులుతుంది, నాలుగోదానికి రాదు. మళ్ళీ తెద్దామంటే ఆ మట్టి తవ్విన చోటు ఇప్పుడు నీళ్ళ కింద ఉంది, చుట్టూ నాట్లు పడ్డాయి. ఇవాళ మంగళవారం. ఏడు రోజులు మాగితే మళ్ళీ మంగళవారం, ఆ రోజు విరిచి చూడొచ్చు. ఆ మర్నాడు, బుధవారం, రోడ్ల ఇంజనీరు వస్తాడు. ఆయన చేతిలో ఉన్న రిపోర్టు ప్రకారం, ఆ రేగడిలో నూటికి నాలుగు పాళ్ళ సున్నం కలిపి నొక్కితే రోడ్డు నిలుస్తుంది. అది పై ఆఫీసుకు వెళ్ళిందంటే నాలుగు పాళ్ళు ఖాయం, ఇక ఎవరూ మార్చరు. ఆ రిపోర్టు కింద ‘పరీక్ష చేసినవారు’ అన్న చోట ఉన్న సంతకం నాది. కె. నాంచారమ్మ, లాబ్ అసిస్టెంట్, తాత్కాలికం.

ఆ రిపోర్టు తప్పు. తప్పని పదకొండు రోజుల కింద తెలిసింది. తెలిసిన తీరు ఎవరికీ చెప్పుకునేది కాదు. విరిచేసిన పాత శాంపిళ్ళ ముక్కలు కిటికీ గూట్లో పడి ఉన్నాయి, పారేయడం మర్చిపోయాను. ఒక ఉదయం ఎండ వాటి మీద పడితే, విరిగిన అంచుల వెంట సన్నగా తెల్లటి నూగు కనిపించింది. సున్నమే అనుకున్నాను. సున్నం పొడిగా తెల్లగా ఉంటుంది, ఇది మెరిసింది. పక్కన ఎవరూ లేరు. ముక్క తీసి నాలిక చివర పెట్టాను. చదువుకున్న మనిషి చేసే పని కాదు, కానీ మా నాన్న కొండయ్య చదువుకున్న మనిషి కాదు, నడి సముద్రంలో మంచు కమ్మితే వేలు నీళ్ళలో ముంచి నాలిక మీద పెట్టుకుని, ఏటి మొగ ఎంత దూరంలో ఉందో చెప్పేవాడట. కృష్ణ నీళ్ళు కలిసిన చోట ఉప్పు మెత్తబడుతుంది, అదే దారి. నా నాలిక మీద మెత్తబడలేదు. ఉప్పు, ముదురు ఉప్పు. నందివాడ చేలో ఉప్పెక్కడిది? అక్కడ పుట్లకు పుట్లు వరి పండుతుంది. ఆ మట్టి ఉప్పు మట్టి కాదు. అప్పుడు తల తిప్పి మూలనున్న కుళాయి చూశాను. బందరులో బోరు నీళ్ళంటే సముద్రానికి చిన్న చెల్లెలు.

ఉప్పు సున్నానికి ఊతమిస్తుంది. ఇది కూడా పుస్తకంలోనే ఉంది, నేను చదివినదే, పరీక్షలో రాసినదే. ఉప్పు నీళ్ళతో కలిపితే మొదటి వారాల్లో శాంపిలు ఉన్నదానికంటే గట్టిగా కనిపిస్తుంది. నా మూడు శాంపిళ్ళూ కావలసినదానికంటే బాగా పైన నిలబడ్డాయి, నేను మురిసిపోయాను, కాలేజీలో మా విభాగం హెడ్డు రామబ్రహ్మం గారు భుజం తట్టి “మన లాబ్‌లో ఇంత దగ్గర దగ్గరగా మూడు అంకెలూ రావడం ఇదే మొదలమ్మా” అన్నారు. మూడూ దగ్గరగా వచ్చాయి, నిజమే. మూడు అబద్ధాలూ ఒక్కలాగే వచ్చాయి. అక్కడ రోడ్డు వేసేటప్పుడు కాలువ నీళ్ళు పోస్తారు, కుళాయి నీళ్ళు కాదు.

బట్టీ నీళ్ళు, మరిగించి ఆవిరి పట్టినవి, వాడాలి. బట్టీ పట్టే యంత్రంలో వేడెక్కే తీగచుట్ట కాలిపోయి ఏడాది దాటింది. పిల్లల ప్రాక్టికల్స్‌కి కుళాయి నీళ్ళే కదా, ఎవరు పట్టించుకున్నారు. కానీ అది కాదు నన్ను తినేది. ఆ రోజు నాకు మూడడుగుల దూరంలో, ముక్కాలి పీట మీద, మూత పెట్టిన బిందె ఉంది. మా అటెండరు అంకమ్మారావు పొద్దున్నే మున్సిపాలిటీ పంపు దగ్గర వరసలో నిలబడి తెచ్చిన మంచినీళ్ళు. చెయ్యి చాపితే అందుతుంది. నా చెయ్యి దాన్ని దాటి కుళాయి దగ్గరికి వెళ్ళింది. అంతా అయ్యాక ఎన్నోసార్లు ఆ చేతిని వెనక్కి నడిపించి చూశాను. అది ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆలోచించి తప్పు చేస్తే ఒప్పుకోవడం తేలిక. ఇది ఆలోచన లేని చోట జరిగింది. మంచినీళ్ళు తీసి మట్టిలో పోయడమా? దివిసీమ చివర పుట్టిన ఆడపిల్ల చెయ్యి ఆ పని చేస్తుందా?

అమ్మ నన్ను ఒక్కసారే కొట్టింది. ఉప్పెన వచ్చిన ఏడాది తర్వాత, నాకు ఏడేళ్ళు. చెరువులు ఇంకా ఉప్పుగానే ఉన్నాయి, ఊళ్ళో అందరూ ఇసుకలో చెలమలు తీసి కొబ్బరి చిప్పతో తోడుకునేవాళ్ళు, చిప్ప నింపడానికి అరగంట పట్టేది, బిందె నింపడానికి పొద్దు పోయేది. నేను ఆడుకుని వచ్చి, బురద కాళ్ళతో లోపలికి రావద్దంటుందని, బిందెలోంచి చెంబుడు తీసి కాళ్ళ మీద పోసుకున్నాను. దెబ్బ ముందు వచ్చింది. తర్వాత నా కాళ్ళ కింద తడిసిన మట్టిని చూస్తూ కూర్చుండిపోయింది, అందులో ఎవరో మునిగిపోయినట్టు. దెబ్బ మర్చిపోయాననుకున్నాను. బందరు వచ్చి డిప్లొమా చదివాను, సాయిల్ మెకానిక్స్‌లో ఫస్టు క్లాసు, ముప్పై ఒకటో ఏడు నడుస్తోంది, మంచినీళ్ళతో మట్టి తడపకూడదని నాకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. చెప్పేది లోపలే కూర్చుని ఉంది. నేను పుస్తకం చూసి పనిచేస్తున్నాననుకున్నాను, అమ్మ చూస్తోందని పనిచేశాను.

పదకొండూ పదిహేను. పళ్ళెంలో మట్టి అంతా ఒకే రంగుకొచ్చింది, ఎక్కడా తెల్ల చుక్క లేదు, ఎక్కడా పొడి గడ్డ లేదు. తడిగుడ్డ కప్పి, అచ్చుకి లోపల నూనె రాశాను. అచ్చు అంటే ఇనుప గొట్టం, రెండు వైపులా బిరడాలు. పెద్ద టార్చిలో వేసే బ్యాటరీ కంటే పిసరంత పెద్ద శాంపిలు వస్తుంది. నూట అరవై తూచి, చెంచాతో కొంచెం కొంచెంగా గొట్టంలో వేసి, సన్న కడ్డీతో సర్ది, పై బిరడా పెట్టి, జాకీ కింద నిలబెట్టాను. చక్రం తిప్పడం అంకమ్మారావు పని.

“ఏంటండీ నాంచారమ్మగారూ, ఈ నీళ్ళు గుడివాడ నుంచి మోసుకొచ్చారంట?” అతను చక్రం మీద చేతులేసి అడిగాడు. యాభై దాటిన మనిషి, ఈ లాబ్‌లో నాకంటే ముందునుంచీ ఉన్నాడు. “నేను పొద్దున్నే రెండు బిందెలు తెస్తన్నా. అవి మీకానలేదా?”

“అవి తాగడానికి. మెల్లగా తిప్పు, బాబాయ్.”

“మెల్లగానే. పురిటి మంత్రసానిలాగా తిప్పుతున్నా. అయినా ఈ మట్టికి కాలవనీళ్ళే కావాలా? ఇదేమన్నా మీ మేనత్త మొగుడా, మర్యాదలు చేత్తానికి?”

నవ్వొచ్చింది, నవ్వితే చెయ్యి కదులుతుందని ఆపుకున్నాను. బిరడా కొంచెం కొంచెంగా దిగింది. దిగిపోయి అంచు గొట్టాన్ని తాకింది. “ఆపు.” ఆగాడు. మూడు నిమిషాలు అలాగే బిగించి ఉంచాలి, లేకపోతే లోపల నొక్కుకున్న మట్టి తిరిగి ఉబ్బుతుంది. మూడు నిమిషాలు. నేను గడియారం చూశాను, అతను కిటికీలోంచి చెట్టు మీది కాకిని చూశాడు.

ఆదివారం రెండు బస్సులు మారి వెళ్ళాను. గుడివాడలో దిగి నందివాడ బస్సు, అక్కడినుంచి రోడ్డు పడబోయే దారి వెంట రెండు మైళ్ళ నడక. దారి అనడానికి వీల్లేదు, చేల మధ్య ఎత్తుగా పోసిన రేగడి. మొన్నటి వానకి అంతా జారుడు. ఒక అడుగు వేస్తే రెండో కాలు మొదటి కాలిని లాక్కోవాలి. కాలువ రేవులో క్యాను ముంచుతుంటే గుర్తుపట్టింది కృపమ్మ. ఏప్రిల్‌లో మట్టి తవ్వుకున్నది ఆమె చేను గట్టు పక్కనే. “మట్టమ్మాయివి కదూ? అప్పుడు మట్టి అన్నావు, ఇప్పుడు నీళ్ళా? ఈసారి వచ్చి గాలి పట్టుకెళ్తావా ఏంటి?” అంది. తర్వాత నవ్వు ఆపి అడిగింది, రోడ్డు ఎప్పుడేస్తారని. చెప్పాను, పై ఆఫీసుకెళ్ళాలి, రావాలి. ఆమె తల ఊపి, నేనడగకుండానే చెప్పింది, రెండేళ్ళ కింద శ్రావణంలో కోడలికి నొప్పులొస్తే మంచం తిరగేసి, కాళ్ళకు తాళ్ళు కట్టి, నలుగురు మోశారట. “ముందరోడు జారాడమ్మా. మంచం వాలిపోయింది. పిల్ల ఆ బురదలోనే పుట్టింది, దేవుడి దయ, బతికింది. పేరు దీవెన. అదిగో, ఆ గొడ్డు వెనకాల ఉరుకుతోంది చూడు, అదే.” చూశాను. మొలతాడు తప్ప ఏమీ లేని పిల్ల, మోకాళ్ళ దాకా బురద. అప్పుడు కృపమ్మ అడిగిన మాటే నేను బస్సులో ఎక్కించుకుని వచ్చింది, క్యాను కాదు. “వేసినాక ఉంటదా, లేకపోతే అవతల పేటలో ఏసినట్టు రెండు వానలకే పోద్దా?” నేను ఉంటుందని చెప్పాలని నోరు తెరిచాను. నా సంతకం ఉంటుందనే చెబుతోంది కదా. “చూస్తున్నామండీ” అన్నాను. తిరుగు బస్సులో క్యానుని ఒళ్ళో పెట్టుకుంటే కండక్టరు “కాశీ వెళ్ళొస్తన్నారా, అందరికీ తలో చుక్కా పొయ్యండి మరి” అన్నాడు, బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వుతూనే క్యాను మూత ఇంకోసారి బిగించాను.

మొదటిది బయటికొచ్చింది. అంచులు పదునుగా, ఒళ్ళు నున్నగా. నూట యాభై తొమ్మిదిన్నర. పాలిథిన్ చుట్టి, దారం కట్టి, చీటీ పెట్టాను. పదకొండూ ఇరవై ఎనిమిది. రెండోదానికి తూస్తున్నాను. తూస్తున్నప్పుడు చెయ్యి నెమ్మదిగా ఉంది, మనసు మాత్రం నిన్న సాయంత్రం రామబ్రహ్మం గారి గదిలోనే నిలబడి ఉంది, కుర్చీ చూపించినా కూర్చోకుండా. ఆయన డిసెంబర్‌లో రిటైరవుతారు. చెడ్డవారు కాదు. చెడ్డవారైతే ఇంత కష్టం ఉండేది కాదు. చెప్పింది అంతా విన్నారు, ఉప్పు సంగతీ చెప్పాను, నాలిక సంగతి ఒక్కటే దాచాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “అమ్మా, తాత్కాలికం వాళ్ళని పర్మనెంటు చేసే జాబితా ఈ నెలాఖరుకి వెళ్తోంది. నీ పేరు మీద నేను రాశాను, ‘పనిలో పొరపాటు ఎరగని మనిషి’ అని. తొమ్మిదేళ్ళ నుంచి ఎదురుచూస్తున్నావు. ఇప్పుడు నువ్వే వెళ్ళి పొరపాటు చేశానంటే నేనేం చెయ్యను?” అన్నారు. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, “తేడా ఎంతుంటుందో ఏమో. కొంచెమే ఉండొచ్చు. ఇంజనీర్లు ఎలాగూ కొంత ఎక్కువే వేస్తారు” అన్నారు. ఆయన కొత్త మాటేమీ అనలేదు. పదకొండు రోజుల నుంచి నాతో నేను అంటున్న మాటే ఆయన నోట విన్నాను. అందుకే భయమేసింది. నా లోపలి మాట ఎదుటి మనిషి గొంతులో వినిపించేసరికి, అది ఎంత మర్యాదస్తురాలిలా నడుస్తుందో, చెప్పులు విప్పి ఎంత మెత్తగా లోపలికొస్తుందో కనిపించింది. “చేసి చూస్తాను సార్, మూడింటికి మట్టి ఉంది” అన్నాను. ఆయన వద్దనలేదు. చెయ్యమనీ అనలేదు.

భయాన్ని నేను దగ్గర నుంచి చూసినదాన్ని. అది ఎప్పుడూ భయంలాగా రాదు. బాధ్యతలాగా వస్తుంది, ఇంట్లోవాళ్ళ మీద జాలిలాగా వస్తుంది, లాబ్ పరువులాగా వస్తుంది. పదకొండు రోజుల్లో అది నాకు ఎన్నో మంచి మాటలు చెప్పింది. కాలువ నీళ్ళలో కూడా కాస్త ఉప్పుంటుందేమో. రోడ్డేసేవాళ్ళు ఎంత కలుపుతారో నువ్వు చూడబోయావా. నీ పేరు నాంచారమ్మ, సముద్రపుటొడ్డు నుంచి వచ్చినదానివి, ఇంగ్లీషు నాలుగు ముక్కలు తడబడి మాట్లాడతావు, నువ్వే తప్పు చేశానంటే వాళ్ళంతా ‘అనుకున్నాం’ అంటారు, అనరా? అంటారు. అననీ. ఈ రెండు మాటలూ చెప్పుకోవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. బిరడా దిగింది. “ఆపు.” మూడు నిమిషాలు. రెండోది బయటికొచ్చింది, నూట అరవై సరిగ్గా, దానికీ చీటీ. పదకొండూ నలభై ఒకటి.

మూడోది వేసేటప్పుడు నేను తొందరపడలేదు. ఇది నాకు కచ్చితంగా తెలుసు, ఎందుకంటే తొందర పడకూడదని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను, అలా చెప్పుకుంటూ ఉండడంలోనే గొట్టానికి రెండోసారి నూనె రాయడం మర్చిపోయాను. బిరడా దిగింది, మూడు నిమిషాలూ గడిచాయి, బయటికి తోసేటప్పుడు తెలిసింది. చక్రం బరువుగా తిరిగింది. “పట్టేసిందండీ” అన్నాడు అంకమ్మారావు. గొట్టం లోపల ఒక చిన్న చప్పుడు, పంటి కింద రాయి పడ్డట్టు. శాంపిలు వచ్చింది. పై అంచున వేలి గోరంత ముక్క ఊడి, అక్కడినుంచి సన్నటి పగులు కిందికి మూడో వంతు దాకా దిగి ఉంది. పదకొండూ యాభై.

ఇద్దరం దాన్ని చూస్తూ నిలబడ్డాం. “పోన్లెండి” అన్నాడు అంకమ్మారావు మెత్తగా. “ఊడిన ముక్క తడిపి అతికించి, వేలితో ఒక్కసారి రుద్దేయండి. మా ఆడోళ్ళు అరుగు పగిలితే అలికెయ్యరూ? మీదా చెయ్యి తిరిగిన చెయ్యే. ఎవడికి తెలుస్తదండీ?” నిజమే, తెలియదు. పగులు మూయొచ్చు. మూసిన శాంపిలు మంగళవారం త్వరగా విరుగుతుంది, మిగతా రెండిటికంటే బాగా తక్కువ చూపిస్తుంది, అప్పుడు సగటు తగ్గుతుంది. తగ్గితే నా మాట నిజమని రుజువవుతుంది. ఈ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో చూసి, ముక్క మీదికి పోతున్న వేలిని వెనక్కి తీసుకున్నాను. ఇప్పటిదాకా తప్పుని దాచాలని చూసిన మనసే, ఇప్పుడు తప్పుని పెద్దది చేసి చూపించాలని చూస్తోంది, ఇంత బాధపడ్డాక అది చిన్న తప్పని తేలితే తట్టుకోలేనేమోనని. గట్టి అబద్ధం ఎంత అబద్ధమో మెత్తటి అబద్ధమూ అంతే. నాకు కావలసింది గట్టి అంకె కాదు, మెత్తటి అంకె కాదు. ఆ మట్టి, ఆ నీళ్ళు, అంతే.

పద్నాలుగు నిమిషాలున్నాయి. శాంపిలు తీసి పళ్ళెంలో పడేసి, అరచేత్తో నలిపేశాను.

“అయ్యయ్యో, అదేంటండీ!”

“గంట దాటలేదు బాబాయ్. ఇంకా మాట వింటుంది. నూనె డబ్బా ఇటివ్వు.”

ఊడిన ముక్కతో సహా నలిపాను, తడిగుడ్డ కింద మిగిలిన పిడికెడు మట్టీ అందులో కలిపాను. ముద్ద అంచులు ఆరడం మొదలైంది, ఇందాకటి రంగు కంటే ఒక పిసరు పాలిపోయి ఉంది. ఎంత తేమ పోయిందో కొలిచే వ్యవధి లేదు. కానీ ఇందాక పళ్ళేనికి తడిగుడ్డ కప్పే ముందు మొత్తం తూచి కాగితం మీద రాసుకున్నాను, వాడినవి తీసేస్తే ఉండాల్సింది ఇంత, ఉన్నది రెండు గ్రాములు తక్కువ. కాసిన్ని రేణువులు బల్ల మీద పోయాయి అనుకుంటే, ఒక గ్రాము నీళ్ళు. క్యానులోంచి సన్న గాజుగొట్టంతో పీల్చి చుక్క చుక్కగా ఇరవై చుక్కలు. వేళ్ళు వాటంతట అవే తిరుగుతున్నాయి. ఈసారి నేను వాటిని చూస్తున్నాను, ఎటు పోతాయో చూస్తున్నాను. నూనె, గుడ్డతో రెండోసారి నూనె, తూకం, చెంచా, కడ్డీ, బిరడా. నేను తిప్పమనక ముందే అంకమ్మారావు తిప్పడం మొదలుపెట్టాడు, సమంగా, ఊపిరి బిగబట్టి, మెడ నరం పొంగేలాగా. అంచు తాకింది. పదకొండూ యాభై ఎనిమిది. మూడు నిమిషాల్లో కాకి కనిపించలేదు అతనికి, గడియారమే చూశాడు నాతోపాటు. తోశాం. నున్నగా వచ్చింది, చంటిపిల్ల చెయ్యి జుబ్బాలోంచి వచ్చినట్టు. నూట యాభై తొమ్మిదీ ముప్పావు. చీటీ మీద ‘మూడు’ అని రాసి, పక్కన ‘ఒకసారి విరిచి మళ్ళీ చేసినది’ అని కూడా రాశాను. పాలిథిన్, దారం. పన్నెండూ మూడు.

“అదీ” అన్నాడు అంకమ్మారావు, చెమట తుడుచుకుంటూ. “మొండిఘటం అండీ మీరు. మీ ఇంట్లో ఆయన ఎట్టా వేగుతున్నాడో.”

“ఆయనకి అలవాటైంది. నువ్వు కూర్చో, ముందు కాసిని మంచినీళ్ళు తాగు.”

చేతులు కడుక్కున్నాను. గోరు పక్కన మంట ఇప్పుడు తెలిసింది. మూడు శాంపిళ్ళనూ తడి గోనె కింద పెట్టి మూత వేశాక, పని అయిపోయినట్టు ఒళ్ళంతా వదులైంది. ఆ వదులులోనే ఒక సంగతి స్పష్టంగా కనిపించింది. ఏడు రోజులు. ఈ మూడూ చీకట్లో పడుకుని బలం పుంజుకునే ఏడు రోజులూ నేను బయట వెలుతుర్లో తిరుగుతాను, జాబితా గురించి మాటలు వింటాను, నెలాఖరు దగ్గరకొస్తుంది. ఇవాళ నాలో ఉన్న ఈ బిగువు ఏడు రోజులు నిలుస్తుందని నేను ఎందుకు నమ్మాలి? మంగళవారం వచ్చే నాంచారమ్మ ఎవరో నాకు తెలియదు. అంకె కాస్త తక్కువగా వస్తే ‘కొంచెమే కదా’ అంటుంది. బాగా తక్కువగా వస్తే ‘ఈ మూడూ సరిగా కుదరలేదు, ఒకటి విరిచి చేసినది కూడాను’ అంటుంది. ఆమె దగ్గర నేనిప్పుడే రాసిన ఆ చీటీయే సాకుగా ఉంటుంది. ఆమె తెలివైనది. ఆమెకి ఏమీ వదలకూడదు.

బల్ల దగ్గర కూర్చుని తెల్లకాగితం తీసుకున్నాను. రోడ్ల ఇంజనీరు గారికి, హెడ్డు గారి ద్వారా. మే నెలలో మీకు పంపిన రిపోర్టులోని శాంపిళ్ళు ఉప్పుగా ఉన్న బోరు నీళ్ళతో తయారయ్యాయి. అందువల్ల బలం ఎక్కువగా చూపించి ఉండవచ్చు. ఆ నీళ్ళు వాడింది నేను. నాలుగు పాళ్ళు సరిపోతుందన్న మాటను దయచేసి ఆపండి. కాలువ నీళ్ళతో మళ్ళీ చేస్తున్న పరీక్ష ఫలితం మంగళవారం వస్తుంది, అది ఏదైనా, ఎక్కువైనా తక్కువైనా, బుధవారం మీ చేతికి ఇస్తాను. అంతే. ఎందుకు అన్నది రాయలేదు. అమ్మ సంగతి ఆయనకెందుకు.

రామబ్రహ్మం గారి గది తలుపు తీసే ఉంది. ఆయన టిఫిన్ క్యారియర్ విప్పుతున్నారు. “అయ్యాయా?”

“మూడూ అయ్యాయి సార్. ఒకటి విరిగితే గంటలోపే మళ్ళీ చేశాను.” కాగితం ఆయన ముందు పెట్టాను. “ఇది ఇవాళ తపాలాలో వెళ్ళాలి.”

ఆయన చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. ఫ్యాను తిరుగుతోంది, కాగితం అంచు ఆయన చూపుడు వేలి కింద కొట్టుకుంటోంది. “ఫలితం వచ్చాక రాయొచ్చుగా, నాంచారీ? వారమేగా. తేడా లేదని తేలితే ఇదంతా అక్కర్లేదు కూడా.”

“వచ్చాక రాయలేనేమో సార్.”

ఆయన తలెత్తి నన్ను చూశారు. ఎంతసేపో తెలియదు, గడియారం ఆ గదిలో లేదు. నేను చూపు దించలేదు. ఆయన చేత్తో టిఫిన్ గిన్నెని పక్కకి జరిపి, కాగితాన్ని దగ్గరికి లాక్కుని, పై నుంచి కింది దాకా వేలితో ఒక్కో వరసా దిగుతూ వచ్చి, నా సంతకం దగ్గర ఆగారు.

“తేదీ వెయ్యలేదు నువ్వు” అన్నారు.

జేబులోంచి తన కలం తీసి ఇచ్చారు. వేశాను.